అత్తకీ అల్లుడికీ మధ్య కుండ

నేను ఒక కుండను తల్లీ. నీళ్ళ కుండను కాను, కూర కుండను కాను, పెళ్ళిలో బొట్లు పెట్టి వరసగా నిలబెట్టే ఐరేణి కుండను అసలే కాను. పూతరేకులు తీసే కుండను. తక్కిన కుండలన్నీ మూతి పైకి పెట్టుకుని దర్జాగా కూర్చుంటే, నేను మాత్రం పుట్టినప్పట్నుంచీ మూతి నేలకేసి, వీపు ఆకాశానికేసి బోర్లా పడుకునే బతికాను. కడుపులో మంట, వీపు మీద రేకు. అదీ నా కాపురం. పందొమ్మిదేళ్ళు అలా గడిచాక మొన్న వైశాఖంలో ఒకరోజు నా మూతి పైకి తిరిగింది. తిరిగిన దగ్గర్నుంచీ మాటలు ఆగడం లేదు. ఇన్నేళ్ళ మాటలు కదా, ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. కాస్త ఓపిక పట్టండి. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి, నేనేమీ అనుకోను.

మాది ఆత్రేయపురం పక్కన, కాలవ గట్టు మీద చిన్న ఊరు. నన్ను చేసినాయన కుమ్మరి సోమన్న. నన్ను చేయించుకున్నావిడ వరహాలమ్మ. చేయించుకోవడమంటే ఆవిడ ఇంట్లో కూర్చుని కబురు పంపలేదు. సోమన్న సారె పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

"వీపు నున్నగా రావాలి సోమన్నా. చంటిపిల్ల బుగ్గలా ఉండాలి. ఇసుక రేణువంత గరుకు తగిలినా రేకు చిరుగుతుంది."

"అమ్మా, కుండ నువ్వు చేస్తావా, నన్ను చెయ్యమంటావా?"

"నువ్వే చెయ్యి. నేను చెప్తాను."

అలా ఆవిడ చెప్తూ ఆయన చేస్తూ, చెక్కతో తట్టి, గులకరాయితో రుద్ది, ఆవంలో కాల్చి నన్ను ఒడ్డున పడేశారు. ఇంటికి తెచ్చాక నలభై రోజులు వరహాలమ్మ నన్ను సన్నసెగ మీద కాచింది. కాచడం, నూనె గుడ్డతో రుద్దడం, మళ్ళీ కాచడం. బాలింతరాలికి కూడా అంత నూనె పట్టించరు. నలభయ్యో రోజుకి నా మట్టిరంగు పోయి నల్లటి నిగనిగ వచ్చింది. చూసినవాళ్ళు మసి అనుకుంటారు. అది మసి కాదు నాయనా, అది నా చదువు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు దీంతో పని పడుతుంది.

రేకు తియ్యడం చూశారా ఎప్పుడైనా? బియ్యం నానబెట్టి, పాలకన్నా పల్చగా రుబ్బుతారు. నన్ను పొయ్యి మీద బోర్లించి, నా కడుపులో ఎండు కొబ్బరాకు మంట పెడతారు. పాత పంచెలోంచి చింపిన మెత్తటి గుడ్డని ఆ పిండిపాలల్లో ముంచి, రెండు కొసలూ పట్టుకుని, నా వీపు మీంచి ఒక్క లాగు. అంతే. గుడ్డ అటు వెళ్ళేసరికి ఇటు రేకు. ఉల్లిపొర దాని ముందు గోనెసంచి. అంచు తనంతట తనే లేస్తుంది, ఆ అంచు పట్టుకుని పైకి తీస్తే వచ్చేస్తుంది. ఆలస్యం చేస్తే మాడుతుంది, తొందరపడితే చిరుగుతుంది. ఆ మధ్యనున్న రెప్పపాటు ఎప్పుడో ఎవరూ చెప్పలేరు, చేతికే తెలియాలి. ఆ తర్వాత పంచదార పొడి, నెయ్యి చల్లి మడతపెట్టడం ఎవరైనా చేస్తారు.

వరహాలమ్మ చేతికి తెలుసు. మొగుడు పోయాక ఒక్క కూతురు చంద్రకళని ఆ చేత్తోనే పెంచింది. రోజూ నాకు ఎదురుగా కూర్చుని, పొగకి కళ్ళు తుడుచుకుంటూ నాతో ఒకటే మాట అనేది. "నా పిల్ల ఈ పొగలో కూర్చోకూడదే కుండా. కుర్చీలో కూర్చునే మొగుణ్ణి తెస్తాను దానికి. నెత్తిన ఫ్యాను తిరుగుతూ ఉండాలి."

తెచ్చింది. నేను రేకు పట్టిన ఏడే చంద్రకళ పెళ్ళయింది. అల్లుడు ముత్యాలరావు రాజమండ్రిలో కాలవల ఆఫీసులో గుమాస్తా. కుర్చీ ఉంది, బల్ల ఉంది, నెత్తిన ఫ్యానూ ఉంది. "గవర్నమెంటు అల్లుడు" అని వరహాలమ్మ ఊరంతా చెప్పుకుంది. చెప్పడానికి మనుషులు మిగలకపోతే నాకు చెప్పింది.

ఇక్కడ మీకు మా వైపు మర్యాద ఒకటి చెప్పాలి. వరహాలమ్మలాంటి పాతకాలపు అత్తగారు అల్లుడి ఎదటపడి కూర్చోదు. మొహం మొహం చూసి మాట్లాడదు. తలుపు వారన నిలబడి, కొంగు నిండా కప్పుకుని, "అల్లుడుగారిని కాళ్ళు కడుక్కోమనవే", "అల్లుడుగారికి ఇంకో గరిటె పప్పు వెయ్యవే" అని కూతురితో చెప్తుంది. అల్లుడు రెండడుగుల దూరంలో ఉంటాడు, అంతా వింటాడు, అయినా కూతురు మళ్ళీ అదంతా మొదట్నుంచీ చెప్పాలి. మనుషులు తమాషా జాతి తల్లీ. ప్రేమ ఎంత ఎక్కువైతే మధ్యలో అన్ని తలుపులు పెట్టుకుంటారు.

ముత్యాలరావు పెళ్ళయిన కొత్తలో అత్తారింటికొచ్చాడు. ముందుగదిలో కుర్చీ వేసి, బల్లఫ్యాను పెట్టి, దేవుణ్ణి కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు. ఆయన మంచినీళ్ళ వంకతో లేచి పెరట్లోకి వచ్చాడు. పెరట్లో మా పాక. పాక ముందు తాటాకు తడిక. తడిక సందులోంచి చూశాడు. వరహాలమ్మ గుడ్డ లాగుతోంది. కాలవలో అల ఒడ్డుని తడిపి వెనక్కిపోయినట్టు గుడ్డ వెళ్ళింది, రేకు లేచింది. ఆయన నోరు తెరుచుకుని అక్కడే నిలబడిపోయాడు. ఆ కళ్ళు నేను చూశాను. పెళ్ళిచూపుల్లో చంద్రకళని కూడా అలా చూసి ఉండడు, దాని ముందు అనకండి.

ఆ తర్వాత ఎప్పుడొచ్చినా అంతే. పండక్కొచ్చినా పబ్బానికొచ్చినా తడిక సందు దగ్గరే కాపురం. "అల్లుడుగారికి రేకులంటే ఎంత ఇష్టమో" అని వరహాలమ్మ మురిసిపోయి డబ్బాల కొద్దీ చుట్టి పంపేది. ఆయనకి ఇష్టమైనది తినడం కాదని ఆవిడకేం తెలుసు?

ఆఫీసులో ఏం జరిగేదో నేను చూళ్ళేదు. చంద్రకళ వాళ్ళమ్మతో చెప్పగా విన్నాను. ఈయన బల్ల మీద గుండ్రటి గాజుబిళ్ళ ఒకటి ఉండేదట, కాగితాలు ఎగిరిపోకుండా. ఏం తోచక చేతిరుమాలు నీళ్ళలో ముంచి, రెండు కొసలూ పట్టుకుని, దాని మీంచి మెల్లిగా లాగేవాడట. ఒకటి, రెండు, పది. ఓసారి పై అధికారి వెనకొచ్చి నిలబడి, "ఏం చేస్తున్నావయ్యా ముత్యాలరావూ?" అంటే, "తుడుస్తున్నానండి" అన్నాడట. "అరగంట నుంచా?" అన్నాడట ఆయన.

ఇంటికొచ్చాక తడిసిన అగ్గిపుల్లలా కూర్చునేవాడట. కోపం లేదు, సంతోషం లేదు, ఎంత గీసినా వెలగడు. కాలవ నీళ్ళు ఒక ఫైల్లో వదిలితే ఇంకో ఫైల్లో ఆగిపోయేవి, ఇరవై రెండేళ్ళు ఆ నీళ్ళనే కాగితాల మీద పారించాడు. ఒకరోజు అన్నం తింటూ తింటూ పెళ్ళాంతో అనేశాడు. "నేను రేకులు తీస్తానే."

చంద్రకళ బడిలో పంతులమ్మ. లెక్కగా మాట్లాడే మనిషి. నవ్వలేదు, ఏడవలేదు. అన్నం తినడం అయ్యేదాకా ఆలోచించి ఇలా చెప్పింది. "మీకు తొంభై రోజుల సెలవుంది. మా అమ్మ దగ్గరికి వెళ్ళండి. సెలవు అయిపోయేలోపు వరసగా వంద రేకులు, ఒక్క చిల్లు లేకుండా, మా అమ్మ ఎదుట తియ్యండి. తీస్తే ఉద్యోగం వద్దని కాగితం పెట్టండి, నా జీతంతో ఇల్లు నడుపుతాను. ఒక్కటి చిరిగినా నోరు మూసుకుని వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోవాలి. మళ్ళీ జన్మలో రుమాలు తడపకూడదు."

"సరే" అన్నాడు ఆయన. అప్పుడు వెలిగిందట పుల్ల.

మాఘమాసంలో ఒక ఉదయం సంచి పట్టుకుని దిగాడు. వెంట చంద్రకళ. సంగతి వినగానే వరహాలమ్మ తలుపు వెనక కూలబడింది.

"సస్పెండు చేశారటే?"

"లేదమ్మా."

"మరేం తప్పు చేశారే? నాతో చెప్పవే, ఎవరికీ చెప్పను."

"తప్పు కాదమ్మా, ఇష్టం."

"ఇష్టమా? నిన్ను పొగ తప్పించడానికి ఫ్యాను కింద మొగుణ్ణి తెస్తే, ఆ మొగుడే వచ్చి పొగలో కూర్చుంటానంటున్నాడా? మగాడు రేకు తియ్యడం ఎక్కడన్నా విన్నావా? పక్కింటి మంగతాయారు వింటే ఊరంతా దండోరా వేస్తుంది!"

మంగతాయారు ఇల్లు మా ప్రహరీకి అవతలే. ఆవిడ అప్పటికే వింది.

చంద్రకళ ఆ సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయింది, ఆదివారాలు వస్తానని. తర్వాత వారం రోజులూ వరహాలమ్మ అల్లుడికి వేళకి విస్తరి వడ్డించి పక్కకి తప్పుకుంది, మంచం వేసి ఉంచింది, కానీ పాకలోకి రానివ్వలేదు. ఆయన తడిక దగ్గరకొస్తే ఆవిడ లేచి లోపలికి పోయేది. ఎదురుగా కూర్చోకూడదాయె, మాట్లాడకూడదాయె, ఇంక నేర్పేదెలా? ఆవిడకి మనసు లేదు సరే, మనసున్నా మర్యాద ఒప్పుకోదు.

ఎనిమిదో రోజు ఆవిడ బియ్యానికి సంతకెళ్ళింది. ముత్యాలరావు పాకలోకి వచ్చాడు. మొదటిసారి నన్ను దగ్గర్నుంచి చూశాడు. నా వీపు నిమిరాడు. చేతికి నల్లగా అంటింది. "అయ్యో, ఎంత మసి పట్టిపోయింది. పాపం పెద్దావిడ తోముకోలేకపోతోంది" అన్నాడు.

నోరు నేలకేసి ఉందాయె, అరుద్దామంటే ఎలా?

మంచివాడు తల్లీ, చెడ్డ ఉద్దేశం అణువంత లేదు. అత్తగారికి సాయం చేద్దామనుకున్నాడు. నన్ను ఎత్తుకుని నూతి దగ్గరకి తీసుకెళ్ళి, కొబ్బరిపీచు, బూడిద, ఆపైన గిన్నెలు తోమే సబ్బు పెట్టి గంటసేపు తోమాడు. ఇరవై రెండేళ్ళు పనిలేక దాచుకున్న బలమంతా నా వీపు మీదే చూపించాడు. పందొమ్మిదేళ్ళ నా నిగనిగ నూతిగట్టు మీంచి అరటిమొక్కల్లోకి పారిపోయింది. ఎర్రగా, పచ్చిగా, బోడిగా మిగిలాను. ఆయన నన్ను పొయ్యి మీద బోర్లించి రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, "ఇప్పుడు బావుంది" అన్నాడు.

మర్నాడు పొద్దున్న వరహాలమ్మ వచ్చింది. నన్ను చూసింది. చేతిలో పిండిగిన్నె కింద పెట్టింది. తడిక అవతల అల్లుడు నిలబడి ఉన్నాడు, మెప్పుకోలు కోసం చూస్తున్నాడు. ఆవిడ మొహం ఎర్రబడింది. కొంగు నోట్లో కుక్కుకుంది. అల్లుణ్ణి తిట్టకూడదు. కూతురు ఊళ్ళో లేదు, దానితో చెప్పించడానికీ లేదు. కానీ తిట్టకపోతే ప్రాణం పోయేలా ఉంది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఒసే కుండా! నిన్నెవరే కడుక్కోమన్నది? సబ్బా? సబ్బు పెట్టుకున్నావా? ఈ వయసులో నీకు సోకులు కావాల్సొచ్చాయా? నూనె తాగించి తాగించి పెంచాను కదే, ఒక్క పూటలో ఒళ్ళు తోముకుని పచ్చిపెంకులా కూర్చున్నావా? ఇప్పుడు రేకు వేస్తే చెక్కులా అంటుకుపోదూ? ఫ్యాను కింద కూర్చుని కూర్చుని బుర్ర ఆరిపోయిందా నీకు?"

ఫ్యాను కింద నేనెప్పుడు కూర్చున్నాను చెప్పండి!

తడిక అవతల్నుంచి సన్నగా వినపడింది. "తప్పయిపోయిందని చెప్పవే కుండా."

వరహాలమ్మ ఉలిక్కిపడింది. నన్ను చూసింది. తడికని చూడలేదు.

"తప్పయితే చాలదని చెప్పవే. కడిగినవాళ్ళే కాచాలి. నలభై రోజులు కాచాలి."

"అంటే నన్ను లోపలికి రమ్మన్నట్టేనా అని అడగవే కుండా."

"వస్తే రమ్మనవే. పీట ఆ మూల ఉంది. నూనె సీసా గూట్లో ఉంది. ఆ లాగూ చొక్కా విప్పి లుంగీ కట్టుకోమను, నిప్పురవ్వ పడితే నాకేం సంబంధం లేదు."

అదిగో, అలా మొదలయింది. నేను కుండగా పుట్టి మధ్యవర్తినయ్యాను. ఆయన నాకు ఎదురుగా పీట మీద, ఆవిడ నాకు వారగా గోడకి తిరిగి, కొంగు కప్పుకుని. మాటలన్నీ నా వీపు మీంచే. "మంట ఎగదోయద్దని చెప్పవే." "చాలా అని అడగవే." "నూనె పొయ్యమన్నానా, రుద్దమన్నానా? నిన్ను తలంటుకోమని ఎవరన్నారే?" ముప్పైరోజులకే నా నలుపు నాకు తిరిగొచ్చింది. ఆయన అంత శ్రద్ధగా కాచాడు మరి. వరహాలమ్మ నా వీపు నిమిరి, "ఊఁ" అంది. అంతే. ఆయన ఆ "ఊఁ" పట్టుకుని ఆ పూటంతా కూనిరాగం తీశాడు.

అప్పటికే సెలవులో ముప్పైతొమ్మిది రోజులు పోయాయి.

గుడ్డ చేతికొచ్చాక అసలు కష్టం మొదలయింది. ఆయన చెయ్యి గుమాస్తా చెయ్యి. స్టాంపు గుద్దినట్టు గుద్దేవాడు. వీపు మీద పిండి ముద్దలు. "రేకు తియ్యమను, ముద్ర వెయ్యమనలేదని చెప్పవే." కాస్త తేలిక చేస్తే చిల్లులు. ఇంకాస్త తేలిక చేస్తే గుడ్డే పొయ్యిలో పడింది. మంగతాయారు రోజూ ప్రహరీ మీంచి తలపెట్టి ఆట చూసేది.

"ఏం వరహాలొదినా, మీ అల్లుడు రేకు తీస్తున్నాడా, దోమతెర కుడుతున్నాడా?"

"దోమతెరేనమ్మా. నీ నోటికి అడ్డం కడదామని."

ఎంత కోపమున్నా అల్లుణ్ణి అంటే మాత్రం ఊరుకునేది కాదు వరహాలమ్మ. అది విని ఆయన తలవంచుకుని నవ్వుకునేవాడు. చిరిగిన రేకులన్నీ కాకులకి వేస్తే, మా పెరటికి కాకులు బంధువులతో సహా రావడం మొదలుపెట్టాయి.

యాభైరెండో రోజనుకుంటాను. ఎండ అప్పుడే పాకలోకి పాకుతోంది. ఆయన గుడ్డ ముంచాడు, లాగాడు. ఏమైందో ఏమో, ఆ పూట ఆయన చెయ్యి నన్ను తాకలేదు, నిమిరింది. అంచు లేచింది. ఊపిరి బిగబట్టి పట్టుకున్నాడు. వచ్చింది. నిండుగా, గుండ్రంగా, ఒక్క చిల్లు లేకుండా. దాన్ని రెండు చేతుల్తో పైకెత్తి వెలుగులో పట్టుకున్నాడు. దాంట్లోంచి అవతల కొబ్బరిచెట్టు కనిపించింది, నూతిగిలక కనిపించింది. ఆదివారమేమో చంద్రకళ అప్పుడే బస్సు దిగి గుమ్మంలోకొచ్చింది. రేకు అవతల పెళ్ళాం మొహం. ఫెళ్ళున నవ్వాడు. పళ్ళన్నీ కనపడేలా.

చంద్రకళ చేతిలో సంచి అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "అమ్మా, ఈయనకి ఇక్కడో వంకరపన్ను ఉంది, చూశావా? పెళ్ళయిన పందొమ్మిదేళ్ళకి ఇవాళ చూస్తున్నానే" అంది. అని కళ్ళు తుడుచుకుంది. పొగేలే అంది.

అయినా పందెం పందెమే. ఒకటి రావడం వేరు, వరసగా వంద రావడం వేరు. పదిహేను దాకా వచ్చేది, పదహారోది చిరిగేది. నలభై దాకా వచ్చేది, నలభై ఒకటి తుస్సుమనేది. ఎనభయ్యో రోజుకి డెబ్భై దాటింది. వరహాలమ్మ అప్పటికి తిట్లు తగ్గించింది. కానీ ఒకరోజు ఆయన పాకలో లేనప్పుడు నా దగ్గర కూర్చుని అంది. "ఒసే, ఈయన గెలిస్తే నేను ఊరికి ఏం చెప్పుకోనే? ఓడితే ఆ మొహం మళ్ళీ ఎలా చూడనే?" ఏం చెప్పను? నా నోరు నేలకేసి ఉంది.

ఎనభైతొమ్మిదో రోజు వచ్చింది. మర్నాటితో సెలవు ఆఖరు. బడికి వేసవి సెలవులు, చంద్రకళ ముందే వచ్చింది. చింతగింజలు ముందేసుకుని కూర్చుంది, రేకుకి ఒక గింజ పక్కకి తోసేలా. ప్రహరీ మీద మంగతాయారు, ఎండకి తల మీద తడిగుడ్డ వేసుకుని మరీ. వరహాలమ్మ వారగా గోడకి తిరిగి. ముత్యాలరావు నన్ను ఒకసారి నిమిరి దండం పెట్టుకున్నాడు.

ఒకటి. పది. పాతిక. చెయ్యి అలలా వెళుతోంది, వస్తోంది. యాభై. మంగతాయారు దగ్గడం కూడా మానేసింది. అరవై. డెబ్భై. డెబ్భైమూడోది లేచి వస్తూండగా నా కుడిపక్కన, నడుం దగ్గర, టిక్ మంది.

మీకు వినపడదు ఆ చప్పుడు. చంద్రకళకి వినపడలేదు. నాకు తెలుసు అదేమిటో. వయసు నాయనా. నాతో పాటు ఆవంలోంచి వచ్చినవన్నీ ఎప్పుడో పెంకులయ్యాయి, నేనే గట్టిపిండాన్ని. ఇంకో రెండుసార్లు ఆ పక్కన తడిగుడ్డ తగిలితే, మంట అలాగే ఎగిస్తే, నేను రెండు చెక్కలవుతాను. పందెం పోతుంది. ఆయన కుర్చీలోకి పోతాడు. నావల్ల! ఆయన గుడ్డ ముంచేశాడు. చెయ్యి గాల్లోకి లేచింది.

వరహాలమ్మకి మాత్రం వినపడింది. ఎప్పటిలా "కుండా, చెప్పవే" అనడానికి నోరు తెరిచింది. కానీ చెప్పడానికి కుండేదీ? ప్రాణం మీదకొచ్చింది ఆ కుండకే కదా! ఆవిడ గిర్రున తిరిగింది, కొంగు ఎక్కడ జారిందో చూసుకోలేదు.

"ఒరేయ్ ముత్యాలూ! ఆగరా! కుడిపక్క ముట్టుకోకురా, ఎడంపక్కకి లాగు! ఎడమ! గుడ్డ సగానికి మడువు! ఆ మంట తియ్యి ముందు, తియ్యరా వెధవాయ్!"

చంద్రకళ చేతిలో చింతగింజ చేతిలోనే ఉంది. మంగతాయారు నెత్తిమీది తడిగుడ్డ జారి ఇవతల పడింది.

ముత్యాలరావు తల కూడా ఎత్తలేదు. "అలాగే అత్తా" అన్నాడు. కొబ్బరాకు సగం బయటికి లాగాడు. గుడ్డ మడిచాడు. ఎడంపక్కకి, నా బాగున్న సగం మీదకి, ఈకతో రాసినంత తేలిగ్గా ఒక్క లాగు. డెబ్భైనాలుగు. చిన్న రేకే, కానీ నిండు రేకు.

ఆ తర్వాత ఆవిడ గోడకి తిరగలేదు. ఆయన పక్కనే పీట లాక్కుని కూర్చుని నా కడుపులో ఆకు ఒక్కొక్కటే తోస్తూ, "ఊఁ, లాగు. ఇప్పుడాగు. దాన్ని ఊపిరి పీల్చుకోనీ. ఇప్పుడు లాగు" అంటూనే ఉంది. నేను పళ్ళు బిగబట్టాను. కుండకి పళ్ళేమిటంటారా, ఆ రోజు ఉన్నాయి. తొంభై. తొంభైఐదు. తొంభైతొమ్మిది. పగులు అరచెయ్యంత పాకింది. ఇంకొక్కటి తల్లీ, ఇంకొక్కటి, అనుకున్నాను. వందోది అంచు లేచి ఆయన చేతుల్లోకి పువ్వులా వచ్చింది. అప్పుడు నేను బిగబట్టింది వదిలేశాను. టక్ మని పెద్దగానే మోగాను. అది అందరికీ వినపడింది.

"చివరివి చిన్నవి! నేనొప్పుకోను!" అంది మంగతాయారు ప్రహరీ మీంచి.

"రేకుని జానపెట్టి కొలుస్తారటే? నోట్లో వేసుకుంటే ఉందో లేదో తెలియకూడదు, అదీ కొలత. నోరు తెరు, పెడతాను" అంది వరహాలమ్మ. అని నిజంగానే వెళ్ళి పెట్టింది. మంగతాయారు కళ్ళు మూసుకుని, కాసేపాగి, "ఏమైనా వదినా, మీ ఇంటి చెయ్యే" అంది.

అప్పుడు గుర్తొచ్చింది వరహాలమ్మకి తానేం అందో. కొంగు లాక్కుని నెత్తిన కప్పుకుని, తడిక వెనక్కి పరిగెత్తింది. "అయ్యో, అయ్యో, చంద్రా, అల్లుడుగారిని ఒరేయ్ అన్నానే. వెధవా అన్నానే. నా నోరు పడిపోనూ. క్షమించమని చెప్పవే!"

ముత్యాలరావు లేచి తడిక దాకా వెళ్ళాడు. పిండి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "అత్తా, ఇరవై రెండేళ్ళు ఆఫీసులో అందరూ నన్ను గారూ గారూ అన్నారు. ఒక్కళ్ళూ నీ చేతిలో పని తప్పుగా వెళుతోందిరా అని చెప్పలేదు. ఇవాళ నా ఉద్యోగం పర్మనెంటు అయింది. మళ్ళీ అల్లుడుగారూ అన్నావంటే నేను వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటాను."

తడిక వెనక ముక్కు చీదిన చప్పుడు. తర్వాత, "కూర్చుంటే కాళ్ళు విరగ్గొడతాను" అని.

చంద్రకళ పెన్ను తెచ్చి ఇచ్చింది. కాగితం అక్కడే పాకలో, పీట మీద పెట్టి రాశాడు. వారం తర్వాత పై అధికారి ఫోను చేశాడట. "కాగితం అందిందయ్యా. నెయ్యి వాసనొస్తోంది. ఆఫీసులో ముగ్గురు వాసన చూశారు. సరేగానీ, ఓ డబ్బా పంపు."

పగిలిన కుండని మా వైపు ఇంట్లో ఉంచరు. వీధి చివర పడేస్తారు. ముత్యాలరావు ఒప్పుకోలేదు. నా నడుం చుట్టూ తాడు బిగించి కట్టి, నన్ను తిప్పి, మూతి పైకి వచ్చేలా పాక మూలలో కుదురు మీద కూర్చోబెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి నేను పైకప్పు చూడడం. తాటాకుల మధ్యనుంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతూంటే, ఇంత అందమైనది ఇన్నాళ్ళూ నా మీదే ఉందా అనుకున్నాను. ఇప్పుడు నా కడుపులో మంట లేదు. రేకులు తీసే గుడ్డలు ఉతికి మడిచి నాలో పెడతారు. మెత్తగా ఉంటుంది.

పొయ్యి మీద కొత్త కుండ వచ్చింది. సోమన్న కొడుకు చేశాడు. చేస్తున్నప్పుడు అత్తా అల్లుడూ ఇద్దరూ చెరోపక్కా కూర్చుని సలహాలు చెప్పారట, పాపం ఆ అబ్బాయి. దాన్ని ముత్యాలరావే కాచాడు, నలభై రోజులూ. ఎవరైనా సబ్బు పట్టుకుని పాక వైపు వస్తే కర్ర తీస్తాడు.

అత్తా అల్లుడూ ఇప్పుడు పక్కపక్కనే కూర్చుని రేకులు తీస్తారు. పొద్దస్తమానం పోట్లాట. "అలా కాదురా." "ఇలాగే అత్తా." "నాకు చెప్పొచ్చావా?" మధ్యలో నా అవసరమే లేదు. నన్నెవరూ "ఒసే కుండా" అని పిలవరు. మొదట్లో కాస్త చిన్నబుచ్చుకున్నాను, అబద్ధమెందుకు?

కానీ రోజూ పని అయ్యాక, ఆయన కాలవకి స్నానానికి వెళ్ళగానే, వరహాలమ్మ నా దగ్గరకొస్తుంది. అటూ ఇటూ చూసి, ఉతికిన గుడ్డ నాలో పెడుతూ, నా మూతి దగ్గరకి వంగుతుంది. తిట్లు ఆయన మొహం మీదే తిడుతుంది గానీ, ఈ మాట మాత్రం ఆయనతో అనలేదు.

"ఒసే, చూశావుటే ఇవాళ? నా చేతికన్నా పల్చగా తీస్తున్నాడే వెధవ. వాడితో చెప్పకు."

నేనెందుకు చెప్తాను? మీరూ చెప్పకండేం.